పక్కకి తిరిగి కూర్చుని నడిపే కారు

డంపర్ మోటారు వాహనమా, కాదా? ఈ ప్రశ్న రెండుసార్లు సుప్రీంకోర్టు గడప ఎక్కింది. 1974లో ఒడిశాలోని బొలానీ ఇనుప గనుల కేసులో, గని ఆవరణ దాటి బయటికి రాని డంపర్లకు రోడ్డు పన్ను వర్తించదని కోర్టు చెప్పింది. 1992లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ కేసు వచ్చేసరికి మాట మారింది. రబ్బరు టైర్లు వేసుకుని రోడ్డు మీద నడవగలిగే బండి మోటారు వాహనమే, పన్ను కట్టాల్సిందేనంది. తీర్పుల మంచిచెడ్డలు లాయర్లకు వదిలేద్దాం. న్యాయమూర్తులకు కలిగిన అనుమానం మాత్రం సరైనదే. గనిలో తిరిగే బండిని చూసి అది కారో యంత్రమో తేల్చి చెప్పడం అంత తేలిక కాదు.

వింత కార్ల గురించి రాసేవాళ్ళు మామూలుగా యూరప్ వెళ్తారు. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిలో 1960లలో తయారైన పీల్ పీ-50 దగ్గర ఆగుతారు. దానికి రివర్స్ గేరు లేదు, వెనక్కి తిప్పాలంటే దిగి, వెనకున్న పిడి పట్టుకుని లాగాలి. మనవాళ్ళయితే హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూపిస్తారు. అక్కడ వంకాయ కారుంది, బూటు కారుంది, క్రికెట్ బ్యాటు కారుంది. చూసి నవ్వుకోవడానికి చేసినవి అవి, ఆ పని బాగానే చేస్తున్నాయి. కానీ ఎవరూ నవ్వించాలని అనుకోకుండా, కేవలం అవసరం కొద్దీ విచిత్రంగా తయారైన బండ్లు చూడాలంటే గోదావరిఖని వెళ్ళాలి. రామగుండం చుట్టుపక్కల సింగరేణి బొగ్గు గనుల్లో, భూమి మీదా భూమి కిందా, అలాంటివి మూడు షిఫ్టులూ తిరుగుతుంటాయి. ఊరి బయట బస్సులో పోయేవాళ్ళకు వాటిలో సగం ఎప్పటికీ కనిపించవు.

మన రోడ్ల మీది కార్లన్నీ ఇప్పుడు ఒకే పోలికతో ఎందుకుంటాయి? రోడ్లన్నీ ఒకేలా ఉండబట్టి. తారు, వెడల్పు, మలుపు, పైన ఆకాశం అన్నిచోట్లా ఒకటే. బండికి రూపం ఇచ్చేది దారి. ఆ దారి మారిందంటే మనకు తెలిసిన కారు లక్షణాలు ఒక్కొక్కటే ఊడిపోతాయి.

వాలుగా దిగే గోదావరిఖని గనుల్లో, అంటే జీడీకే ఇంక్లైన్లలో, ఒకదాని లోపలికి దిగామనుకుందాం. బొగ్గు పొరలో తవ్విన గ్యాలరీ మన దారి. నిబంధనల ప్రకారం దాని వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు మించకూడదు. అందులోనే కప్పుకు పెట్టిన సపోర్టులు, పక్కన చైన్ కన్వేయరు, కేబుళ్ళు, నడిచే మనుషులు. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు ఎత్తింది కోల్‌ఫిల్లర్లు. తట్టా, చెమ్మస్ అనే పారా చేతబట్టి, పేల్చిన బొగ్గును టబ్బుల్లో నింపేవాళ్ళు. వాళ్ళ చేతుల్లోంచి చెమ్మస్ తీసేసిన బండ్లు ప్రధానంగా రెండు. ఒకటి సైడ్ డిశ్చార్జ్ లోడర్, అందరూ ఎస్‌డీఎల్ అంటారు. రెండోది లోడ్ హాల్ డంప్, అంటే ఎల్‌హెచ్‌డీ.

ఎస్‌డీఎల్‌కు చక్రాలుండవు, ట్యాంకులాగా ఇనుప పట్టెల మీద పాకుతుంది. ముందున్న బకెట్‌తో బొగ్గు కుప్పలోకి చొచ్చుకుపోయి ఎత్తుకుంటుంది, కొంచెం వెనక్కి వస్తుంది, బకెట్‌ను పక్కకి ఒంచి కన్వేయరులో పోస్తుంది. పక్కకే ఎందుకు? పట్టెల మీద నడిచే బండి తిరగాలంటే ఒక పట్టె ఆగి ఇంకొకటి కదలాలి, లేదా రెండూ ఎదురెదురుగా కదలాలి. అలా తిరిగినప్పుడల్లా కింద నేల చిట్లుతుంది, సమయం పోతుంది. పైగా అంత వెడల్పు గ్యాలరీలో ఎక్కడ! అందుకని బండిని తిప్పడం మానేసి బకెట్‌ను తిప్పారు. దీనికంటే వింతైన ఇంకో పరిష్కారం ఐమ్‌కో కంపెనీది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక గనిలో రూపుదిద్దుకుని 1938 ప్రాంతంలో అమ్మకానికొచ్చిన వాళ్ళ రాకర్ షావల్, ఎత్తిన రాయిని తన తల మీదుగా వెనకున్న టబ్బులోకి విసిరేస్తుంది. ఒంపడానికి పక్కకి తిరిగే పని కూడా లేదు. ఆ ఐమ్‌కో పేరే 1974లో గుజరాత్‌లో మొదలైన ఐమ్‌కో ఎలికాన్‌లో మిగిలింది. మన భూగర్భ గనుల్లోని లోడర్లలో చాలావాటి మీద కనిపించే పేరు అది. వల్లభ్ విద్యానగర్‌లో తయారయ్యే ఈ బండ్ల గురించి కార్ల పత్రికలు ఒక్క ముక్క రాసినట్టు నేను చూడలేదు.

ఎల్‌హెచ్‌డీ సంగతికొస్తే, ఆపరేటర్ సీటు దగ్గరే మొదటి ఆశ్చర్యం. అతని ముఖం ముందుకీ ఉండదు, వెనక్కీ ఉండదు, గోడవైపు ఉంటుంది. బండి నడిచే దిశకు అడ్డంగా కూర్చుని, మెడ కుడికి తిప్పితే బకెట్, ఎడమకి తిప్పితే వచ్చిన దారి. ఎందుకంటే ఈ బండి బతుకంతా మూసుకుపోయిన సందులోనే. బొగ్గు కుప్ప దగ్గరికి వెళ్ళినంత దూరం వెనక్కి రావాలి. దానికి ముందు, వెనక అనే తేడా లేదు. ముందుకి చూస్తూ కూర్చోబెడితే ఆపరేటర్ సగం షిఫ్టు గుడ్డిగా నడపాలి. అడ్డంగా కూర్చోబెట్టడం వల్ల రెండు దిక్కులూ సమానంగా దక్కాయి, మెడనొప్పి కూడా దక్కింది.

ముందు, వెనకల ఈ సమస్య యూరప్ కార్లకూ వచ్చింది, ఒక్కొక్కరూ ఒక్కో తమాషా చేశారు. నెదర్లాండ్స్‌లో 1958లో వచ్చిన డాఫ్ 600 కారుకు గేర్లు లేవు. బెల్టూ, వెడల్పు మారే పుల్లీలూ మాత్రమే. దాంతో ఆ కారు ముందుకి ఎంత వేగంతో పోగలదో వెనక్కీ అంతే వేగంతో పోతుంది. డచ్చివాళ్ళు ఆ కార్లతో వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టారు! విమానాల కంపెనీ పేరుతో వచ్చిన మెసర్‌స్మిట్ కేఆర్-200లో రివర్స్ గేరు లేదు. ఇంజన్ ఆపి, మళ్ళీ తాళం తిప్పి ఎదురు దిశలో తిరిగేలా స్టార్ట్ చేయాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఎటు తిరిగినా ఒకటే గనక, నాలుగు గేర్లూ రివర్స్‌లోనూ పనిచేసేవి. ఇక మోటారుసైకిళ్ళు చేసే జుండాప్ కంపెనీ 1957లో తెచ్చిన యానస్ కారులో వెనక సీటు వెనక్కి తిరిగే ఉంటుంది. రెండు ముఖాల రోమన్ దేవుడి పేరు దానికి పెట్టారు. ఏడు వేల కార్లు కూడా అమ్మకుండానే మరుసటి ఏడాదే మూసేశారు. రోడ్డు మీద ఈ తెలివి అక్కర్లేకపోయింది. గనిలో ఇదే తెలివి రోజువారీ తిండి పెడుతోంది.

ఎల్‌హెచ్‌డీ తిరిగే పద్ధతి కూడా చెప్పాలి. మామూలు కారులో ముందు చక్రాలు మాత్రమే పక్కకి తిరుగుతాయి. మలుపులో వెనక చక్రాలు ముందువాటి దారిని తొక్కవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. లారీ సందు తిరిగేటప్పుడు వెనక చక్రం కాలువలో పడేది అందుకే. ఎల్‌హెచ్‌డీలో చక్రాలు అసలు పక్కకి తిరగవు, బండే నడుము దగ్గర మడతపడుతుంది. మధ్యలో పెద్ద కీలు, దానికి అటూ ఇటూ హైడ్రాలిక్ సిలిండర్లు. కీలు సరిగ్గా మధ్యలో ఉంటే, ముందు చక్రాలు తొక్కిన చోటే వెనక చక్రాలు కూడా తొక్కుతాయి. బొగ్గు గోడ మూల కోసుకోకుండా మలుపు తిరగడం అలా కుదిరింది.

అన్నిటికంటే మించి భూగర్భ బండిని శాసించేది నిప్పు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ ఊరుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు. మన నిబంధనల్లో 1.25 శాతం దాటగానే కరెంటు ఆపేయాలి. సింగరేణి గనులు మొత్తమ్మీద తక్కువ గ్యాసు ఉన్న మొదటి డిగ్రీ తరగతివే అయినా, ఆ బండ్ల మోటారు, స్విచ్చు, దీపం అన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లోనే ఉండాలి. ఆ మాట వినగానే పెట్టెలోకి గ్యాసు చొరబడదేమో అనుకుంటాం. చొరబడుతుంది. లోపల రవ్వకు అంటుకుని పేలుతుంది కూడా. పెట్టె ఆ పేలుడును తట్టుకునేంత మందంగా ఉంటుంది. మూతకూ పెట్టెకూ మధ్య ఇనుప అంచులు వెడల్పుగా ఉండి, వాటి నడుమ మిల్లీమీటరులో కొద్ది భాగం ఖాళీ మాత్రమే వదులుతారు. మండే గ్యాసు ఆ సన్నని సందులోంచి బయటికి దూసుకొచ్చేలోపు తన వేడినంతా ఇనుముకు ఇచ్చేసి చల్లబడుతుంది. బయటున్న గ్యాసును అంటించే శక్తి దానికి మిగలదు. 1815లో హంఫ్రీ డేవీ దీపం చుట్టూ జాలీ కట్టినప్పుడు వాడుకున్నది ఈ సూత్రాన్నే. 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ ఇంజనీరు కార్ల్ బైలింగ్ దాన్ని విద్యుత్ యంత్రాల పెట్టెలకు తెచ్చాడు. అందుకే గని బండి మీద ఒక బోల్టు వదులైతే అది మరమ్మతు వ్యవహారం కాదు, ప్రాణాల వ్యవహారం.

ఈ బండ్లు కరెంటు బండ్లు. ఇప్పుడు ఎలక్ట్రిక్ కారంటే కొత్త సరుకు అనుకుంటున్నాం గానీ, 1899లో గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి కారు కామీ జెనాట్జీ నడిపిన 'లా జమే కొంటాంట్', అది బ్యాటరీ కారే. తర్వాత పెట్రోలు వచ్చి రోడ్డు మీంచి కరెంటును తరిమేసింది. గని మాత్రం దాన్ని ఎన్నడూ వదల్లేదు. పెట్రోలు ఇంజన్‌ను లోపలికి ఎవరు రానిస్తారు! బ్యాటరీకి బదులు తోక ఉంటుంది: ట్రెయిలింగ్ కేబుల్. 550 వోల్టుల కరెంటు మోసే మూడు తీగలు, ఎర్త్ తీగ ఒకటి, వీటితో పాటు పైలట్ తీగ. ప్లగ్గు ఊడినా, కేబుల్ తెగినా ఆ పైలట్ సర్క్యూటు ముందు తెగుతుంది, ఆ వెంటనే స్విచ్చు దానంతటదే పడిపోతుంది. ఈ బండ్లకు ఛార్జింగ్ గొడవ లేదు. కేబుల్ ఎంత దూరమో లోకం అంత దూరం.

ఇక్కడ నిజంగానే 'కారు' అని పిలిచే బండి ఒకటుంది. కొత్తగూడెం వీకే-7లో, గోదావరిఖని జీడీకే-11లో కంటిన్యూస్ మైనర్లు దిగాయి. పేల్చకుండా, పళ్ళున్న పెద్ద డ్రమ్ముతో బొగ్గును గీరి తీసే యంత్రం అది. అలాంటి యంత్రం వెనక బొగ్గు అందుకుని ఫీడర్ దాకా మోసేది షటిల్ కారు. పొడుగ్గా, ఎత్తు తక్కువగా, పైకప్పు లేని తొట్టి. నాలుగు చక్రాలూ పక్కకి తిరుగుతాయి. తొట్టి అడుగునే చైన్ కన్వేయరు ఉంటుంది కాబట్టి ఎత్తి ఒంపే పని లేదు, ఒక కొసన నింపుకుని రెండో కొసన కక్కుతుంది. దీన్ని లోకానికి పరిచయం చేసిన జాయ్ కంపెనీ వ్యవస్థాపకుడు జోసెఫ్ జాయ్ పన్నెండేళ్ళకే బొగ్గు గని పనికి పోయినవాడు. పీతలా రెండు చేతులతో బొగ్గును లోపలికి లాక్కునే లోడర్‌కు 1919లో పేటెంటు తీసుకున్నాడు. చెమ్మస్ పట్టిన మనిషే చెమ్మస్‌కు బదులు వెతికాడు.

డ్రైవర్ లేని కార్ల ముచ్చట ఇప్పుడు అమెరికా నుంచి రోజూ వినబడుతోంది. ఖాళీ సీటుతో నడిచే బండి గోదావరిఖనికి పాత సంగతి. జీడీకే-10 ఇంక్లైన్‌లో 1989లో ఫ్రెంచివాళ్ళ సహకారంతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి మొదలైంది. మందమైన పొరలో గ్యాలరీ నుంచి పైకీ పక్కలకీ రంధ్రాలు వేసి పేల్చి, రాలిన బొగ్గును ఎత్తుకొచ్చే పద్ధతి అది. ఆ బొగ్గు పడేది బొగ్గు తీసేసి వదిలేసిన ఖాళీలో, గనివాళ్ళ మాటలో గోఫ్‌లో. అక్కడ కప్పుకు ఆసరా ఉండదు, ఎప్పుడు కూలుతుందో తెలియదు. మనిషి వెళ్ళకూడని చోటు. అందుకని ఆపరేటర్ సపోర్టు కింద భద్రంగా నిలబడి, నడుముకు రిమోట్ కట్టుకుని, ఖాళీ సీటుతో ఎల్‌హెచ్‌డీని లోపలికి పంపి బొగ్గు తెప్పించేవాడు. సీటు ఖాళీగా ఉండటం ఇక్కడ షోకు కాదు. 2003 అక్టోబరులో జీడీకే-8ఏలో కప్పు కూలి పది మంది చనిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు.

అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ పట్టాల మీద టబ్బులు కాదు, పట్టాలు లేకుండా తిరిగే డీజిల్ బండ్లు దిగాయి. భూగర్భంలో తిరగాల్సిన డీజిల్ బండి తాళం తిప్పితే స్టార్ట్ కాకూడదు, ఎందుకంటే స్టార్టర్ మోటారులో రవ్వలు లేస్తాయి. దాచిన గాలి ఒత్తిడితోనో, నూనె ఒత్తిడితోనో ఇంజన్‌ను తిప్పుతారు. పొగను నీళ్ళలోంచి పంపి చల్లబరుస్తారు. బొగ్గు పొడి పడి రాజుకోకుండా బండి ఒంటి మీద ఏ భాగమూ 150 డిగ్రీలు దాటనివ్వరు. మన స్కూటర్ సైలెన్సర్ ఒక్కటి చాలు ఆ పరీక్షలో తప్పడానికి.

ఇక పైకి వద్దాం. ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్ట్ గనిలో, దారి వెడల్పు, పైన ఆకాశం, కాబట్టి బండి పెరిగిపోతుంది. 60 టన్నులు, 100 టన్నులు మోసే బీఈఎంఎల్ డంపర్లు ఇక్కడ మామూలు దృశ్యం. 100 టన్నుల డంపర్ పక్కన నిలబడితే టైరు మన తల కంటే చాలా పైకి పోతుంది. అంత ఎత్తున కూర్చున్న ఆపరేటర్‌కు బండి ముందు, కుడి పక్క చాలా మేర నేల కనిపించదు. క్వారీలోకి వచ్చే జీపులకు పొడవాటి కర్ర కట్టి జెండా పెట్టేది, అతని కంటికి ఆనడం కోసమే.

ఈ మహాకాయానికి వెయ్యి హార్స్‌పవర్ పైచిలుకు ఇంజన్ ఉంటుంది. వేగం ఎంతనుకుంటున్నారు? లెక్క వేద్దాం. బండి, సరుకు కలిపి 160 టన్నులు. హాల్ రోడ్డు వాలు నిబంధన ప్రకారం 16కు 1. అంటే ఎక్కేటప్పుడు భూమి 10 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. మట్టి రోడ్డు నిరోధం ఇంకో 5 టన్నులు వేసుకోండి. ఇంజన్ శక్తిలో ఐదో వంతు గేర్లలో పోతే, మిగిలిన దాంతో ఈ 15 టన్నుల లాగుడును గెలిచి బండి గంటకు 15 కిలోమీటర్లు ఎక్కగలదు. సైకిల్ వేగం! బరువుతో ఎక్కడం, ఖాళీగా దిగడం, రోజంతా ఇదే.

దీనికి అసలు గండం టైరు వేడి. చక్రం తిరిగినప్పుడల్లా రబ్బరు అణిగి లేస్తుంది, ఆ అణగడంలో కొంత శక్తి వేడిగా మారుతుంది. టైరు ఎంత మందమైతే ఆ వేడి బయటికి పోవడం అంత కష్టం. అందుకే గని టైర్లకు టన్ను కిలోమీటర్ పర్ అవర్ అనే కొలత పెట్టారు: టైరు మీద పడే సగటు బరువును సగటు వేగంతో గుణించాలి. నిండుగా 160, ఖాళీగా 70 టన్నులైతే సగటు 115. ఆరు టైర్లకు పంచితే ఒక్కోదానికి 19 టన్నులు. సగటు వేగం 15 అనుకుంటే 285 వస్తుంది. టైరు కంపెనీ ఇచ్చిన హద్దు దీనికంటే తక్కువైతే లోపలి పొరలు విడిపోతాయి. రామగుండం మే నెల ఎండలో ఆ హద్దు ఇంకా దిగుతుంది. షిఫ్టులో నాలుగు ట్రిప్పులు ఎక్కువ కొట్టాలన్న ఉత్సాహానికి కళ్ళెం వేసేది చాలాసార్లు ఇంజన్ కాదు, ఈ గుణకారమే.

ఇంకా పెద్ద బండ్లలో గేర్‌బాక్సే తీసేశారు. డీజిల్ ఇంజన్ కరెంటు పుట్టిస్తే, చక్రాల్లో కూర్చున్న మోటార్లు తిప్పుతాయి. ఈ చక్రపు మోటారును పట్టుదలగా నడిపించి చూపినవాడు టెక్సస్‌కు చెందిన లెటర్నో. 1960ల మొదట్లో అమెరికా సైన్యానికి ఆయన చేసిచ్చిన నేల రైలుకు 54 చక్రాలు, ప్రతి చక్రానికీ ఒక మోటారు, పొడవు 170 మీటర్ల పైన. ఎవరికీ అక్కరకు రాలేదు, తుక్కు కింద పోయింది. దాని ఆలోచన మాత్రం బెలారస్ కంపెనీ బెలాజ్ 2013లో చేసిన 450 టన్నుల డంపర్ దాకా వచ్చింది.

చక్రాలే లేకుండా నడిచేది డ్రాగ్‌లైన్. రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీదున్న మట్టీ రాయీ (ఓబీ) తీయడానికి వాడిన ఈ యంత్రం గుండ్రని పీఠం మీద కూర్చుంటుంది. కదలాల్సి వచ్చినప్పుడు, నేల మీద కూర్చున్న మనిషి రెండు చేతులూ ఆనించి ఒళ్ళు ఎత్తుకుని జరిగినట్టు, పక్కలనున్న రెండు పెద్ద పాదాలు నేలకానించి ఒక్కో అడుగూ జరుగుతుంది. 1913లో షికాగోలోని మోనిగన్ కంపెనీ ఇంజనీరు ఆస్కర్ మార్టిన్‌సన్ కనిపెట్టిన నడక ఇది. సుమారు 2000 టన్నుల యంత్రానికి 15 మీటర్ల వ్యాసమున్న పీఠం ఉందనుకోండి. నేల మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కిలో చిల్లర. మీ ఇంటి కారు టైరు అంతకు రెట్టింపు ఒత్తుతుంది.

ఇప్పుడు కంపెనీల సంగతి. రోడ్డు మీద చిన్న కంపెనీ బతకడం కష్టం. 1970లలో బెంగళూరు నుంచి బాదల్ అనే మూడు చక్రాల కారు వచ్చింది, ఆ తర్వాత సిపానీ వారి ఫైబర్ ఒంటి డాల్ఫిన్ వచ్చింది. మారుతి 800 వచ్చాక అలాంటివి నిలబడలేదు. 1942లో హైదరాబాద్‌లో పుట్టి డబుల్ డెక్కర్ బస్సుల ఒళ్ళు కట్టిన ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. అది చివరికి మహీంద్రాలో కలిసిపోయింది. రోడ్డు కొనుగోలుదారుకు పేరు కావాలి, రంగు కావాలి, అమ్మితే మళ్ళీ ధర రావాలి. గని అడిగేవి వేరు: షిఫ్టుకు ఎన్ని టన్నులు, ఆగితే ఎన్ని గంటల్లో లేస్తుంది, విడిభాగం ఎప్పుడొస్తుంది. అందుకే ఎవరికీ తెలియని పేర్లు ఇక్కడ దశాబ్దాల పాటు బతుకుతాయి. కారు గొప్పతనం తూచడానికి నాకైతే గని అడిగే ప్రశ్నలే న్యాయంగా కనిపిస్తాయి.

వయసైపోయిన ఈ బండ్లు పనికిరావని తేల్చి సర్వే ఆఫ్ చేశాక వేలంలో తుక్కు ధరకు పోతాయి. భూగర్భ గనులు తగ్గి ఓసీపీలు పెరుగుతున్న కాలంలో, ఎస్‌డీఎల్ అంటే ఏమిటో తెలియని పిల్లలు గోదావరిఖనిలోనే పెరుగుతారు. కనీసం ఒక్క ఎస్‌డీఎల్‌ను, ఒక్క ఎల్‌హెచ్‌డీని తుక్కు కాకుండా ఆపి, ఊళ్ళో నలుగురూ వచ్చే చోట పెట్టాలి. చుట్టూ కంచె కట్టి బోర్డు తగిలించడం కాదు, పిల్లలు ఎక్కి ఆ అడ్డం సీట్లో కూర్చోగలిగేలా పెట్టాలి. పక్కనే దాన్ని నడిపిన రిటైర్డ్ ఆపరేటర్ ఒకరికి వారానికో పూట మాట్లాడే పని ఇవ్వాలి.